తూకం సరిపోతే జత కుదిరినట్టు కాదు

ఉద్యోగం ప్రకారం నేను ఫిజికల్ డైరెక్టర్ని. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో చేరాను, బాపట్లలో రిటైరయ్యాను. ఆ ఉద్యోగం గురించి రాయమంటే ఒక పేజీకి మించి రాయలేను. రాయాలనిపించేది దాని పక్కనే ముప్పై ఏళ్ళపాటు చేసిన ఇంకో పని గురించి. బాక్సింగ్ పోటీల్లో ఎవరికి ఎదురుగా ఎవరిని నిలబెట్టాలో తేల్చే పని. మేము దాన్ని జత కట్టడం అనేవాళ్ళం.

పెద్ద పోటీల్లో చీటీలు తీస్తారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్ళతో ఆడాలి. అక్కడ నాలాంటివాడితో పని లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్ళలో ఏడాదికి రెండు మూడుసార్లు జరిగే పోటీలు అలాంటివి కావు. పాతికమంది బాక్సర్లు వస్తే గొప్ప. అందులోంచే పది పోటీలు కుదరాలి, అవి చూడవచ్చినవాళ్ళకు చూడదగ్గవిగా ఉండాలి, ఆడినవాళ్ళు తమ కాళ్ళమీద తాము ఇంటికి వెళ్ళాలి. ఈ మూడూ చూసుకునేవాడు ఒకడు కావాలి. ఇప్పుడు మా వైపు ఈ పనిలోకి కొత్తగా ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. వాళ్ళు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నిబంధనల పుస్తకంలో ఉన్నవి నేను చెప్పను, అవి ఎవరైనా చదువుకోవచ్చు.

చెప్పేదంతా హెవీ వెయిట్ గురించే. నేను చేసిన పెద్ద తప్పు అక్కడే చేశాను, నేను చూసిన గొప్ప పోటీ కూడా అక్కడే చూశాను. యాభై కేజీల కుర్రాళ్ళకు జత కట్టడం తేలిక. అటూ ఇటూ రెండు కేజీల తేడాతో పదిమంది దొరుకుతారు. మా పోటీల్లో తొంభై కేజీలు దాటినవాళ్ళందరూ ఒకటే విభాగం. కింద గీత ఉంది, పైన గీత లేదు. మూడు ఊళ్ళూ గాలించినా అలాంటివాళ్ళు నలుగురికి మించి దొరకరు. జనం వచ్చేది మాత్రం వాళ్ళకోసమే.

హవల్దారు గారు

నాకీ పని నేర్పినాయన సైన్యంలో పనిచేసి వచ్చి తెనాలిలో స్థిరపడ్డ మనిషి. పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు, ఊరందరికీ ఆయన హవల్దారు గారే. పడుచు వయసులో రెజిమెంటు తరఫున బాక్సింగ్ ఆడారు. ముక్కు రెండు చోట్ల వంగిపోయి ఉండేది. ఆయన ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

మొదటిరోజు నేను తూకం మిషను పక్కన నిలబడి ఒక్కొక్కరి బరువూ శ్రద్ధగా రాసుకుంటున్నాను. ఆయన వచ్చి నా చేతిలో పెన్ను లాక్కుని పెన్సిలు పెట్టారు.

"పెన్నుతో రాస్తే మార్చడానికి నీకే బద్ధకమేస్తుంది. గంట కొట్టేదాకా ఏ జతైనా చెరపొచ్చు. తెలిసిందా?"

తూకం అయ్యాక ఆయన ప్రతి బాక్సర్నీ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఇప్పటికి ఎన్ని పోటీలు ఆడావు? చివరిది ఎప్పుడు? ఎవరిచేతిలో ఎట్లా ఓడిపోయావు? మూడో ప్రశ్న మీదే ఆయన ధ్యాసంతా. ఓటమి గురించి వివరంగా చెప్పగలిగినవాడు ఎంతో కొంత నేర్చుకున్నాడని ఆయన లెక్క. ఆ తర్వాత వాళ్ళను గాలిలో గుద్దులు విసరమని దూరంగా నిలబడి కాళ్ళవైపు చూసేవారు.

"ముఖం చూసి మోసపోకు. అలసట ముఖంలో దాచుకోవచ్చు, మోకాళ్ళలో దాచుకోలేడు" అనేవారు.

మా నాన్న వేమూరు దగ్గర వ్యవసాయం చేసేవాడు. బండలాగుడు పందేలకు ఎడ్లను తోలుకెళ్ళేవాడు. అక్కడ విభాగాలు చేసేది బరువును బట్టి కాదు, పళ్ళను బట్టి, అంటే ఎదిగిన వయసును బట్టి. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి. ఒకసారి మాటల్లో ఈ సంగతి చెబితే హవల్దారు గారు, "మీ నాన్నకి ఈ పని తెలుసయ్యా. నీకే ఇంకా తెలీదు" అన్నారు. అది నిజమని తేలడానికి ఎక్కువకాలం పట్టలేదు.

తెనాలిలో చేసిన తప్పు

ఆ ఏడు తెనాలి పోటీలకు వారం ముందు హవల్దారు గారికి కంటి ఆపరేషన్ అయింది. జతలన్నీ నేనే కట్టాల్సి వచ్చింది. నిజం చెప్పొద్దూ, లోలోపల సంతోషించాను.

పోటీలు పెట్టించినాయనకు బట్టల కొట్టు ఉంది. ఆయన ఊరంతా వాల్‌పోస్టర్లు వేయించాడు. అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాలు హెవీ వెయిట్‌వే. ఒకవైపు బాపట్ల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చే రంగాచారి, ఇంకోవైపు గుంటూరు నుంచి వచ్చే ఒక అనుభవజ్ఞుడు.

రంగాచారి గురించి కొంచెం చెప్పాలి. వాళ్ళది అర్చకుల కుటుంబం. పొద్దున తండ్రితోపాటు గుళ్ళో కైంకర్యం, సాయంత్రం బాక్సింగ్ సాధన. ఆరడుగుల రెండంగుళాల మనిషి. పిలకను తల రక్షణ టోపీలో దోపుకుని రింగులోకి వస్తే మొదట్లో జనం నవ్వేవారు. ఒక్క రౌండు చూశాక నవ్వు ఆగిపోయేది. అంత పెద్ద శరీరంతో అంత చప్పుడు లేకుండా నడిచే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఎడమచెయ్యి అలవోకగా ముందుకు వెళ్ళి ఎదుటివాడి నుదుటిమీద తగిలి వెనక్కి వచ్చేది. కొట్టడంకంటే కొట్టించుకోకపోవడంలో అతని గొప్పతనం ఉండేది. అప్పటికి ఇరవైకి పైగా పోటీలు ఆడాడు.

పోటీ రోజు పొద్దున గుంటూరు నుంచి ఫోను. అనుభవజ్ఞుడికి జ్వరం, రావడం లేదు. బట్టల కొట్టు ఆసామి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, పోస్టర్లు చూసి జనం వస్తారండి. హెవీ వెయిట్ లేదంటే కుర్చీలు ఇరగ్గొడతారు. ఎవర్నో ఒకర్ని చూడండి."

ఆ ఎవరో ఒకరు అక్కడే ఉన్నాడు. పేరు నాంచారయ్య. రేపల్లె అవతల నిజాంపట్నం దారిలో ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పని. బాక్సింగ్ మొదలుపెట్టి మూడు నెలలు, ఒక్క పోటీ కూడా ఆడలేదు. ఆ రోజు చూడ్డానికి వచ్చాడు. వీపు తలుపు చెక్కలా ఉండేది. మిషను ఎక్కించాను. తొంభై ఏడు. రంగాచారి తొంభై ఆరు. ఒక్క కేజీ తేడా. సమస్య తీరిందనుకున్నాను.

"ఆడతావా?" అని అడిగాను.

"ఆడతానండి" అన్నాడు, అడగడమే ఆలస్యమన్నట్టు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు ఇది తెలుసుకోవాలి. ఆడతావా అని బాక్సర్ని అడక్కూడదు. కాదనే బాక్సర్ పుట్టలేదు. అతను ఆడతానన్నాడు కదా అని మన బాధ్యత అతని భుజాన వెయ్యడం పిరికితనం. హవల్దారు గారి మూడు ప్రశ్నల్లో ఒక్కటీ నేను నాంచారయ్యను అడగలేదు. చెప్పడానికి అతని దగ్గర జవాబులు లేవని నాకు తెలుసు, అందుకే అడగలేదు.

మొదటి రౌండు నాంచారయ్య ఎద్దులా మీదికి వెళ్ళాడు. జనం ఈలలు వేశారు. రంగాచారి రెండడుగులు పక్కకు వేసి ఎడమచేత్తో తాకుతూ రౌండు గడిపేశాడు. రెండో రౌండు మొదలైన అరనిమిషానికి పక్కనుంచి చెయ్యి వంచి విసిరిన ఒక హుక్ నాంచారయ్య ఎడమ చెవిమీద పడింది. పడిపోలేదు. పడిపోయి ఉంటే బాగుండేది. నిలబడ్డాడు, చేతులు పైకి లేవలేదు, చూపు ఎటో ఉంది.

రంగాచారి ఇంకొక్క గుద్దు వేస్తే అయిపోయేది. అతను వెనక్కి జరిగి చేతులు దించేశాడు.

రిఫరీ కొత్తవాడు. ఆడమని సైగ చేశాడు.

"చాలండి. ఆయన తెలివిలో లేడు" అన్నాడు రంగాచారి.

రిఫరీ అతనికి హెచ్చరిక ఇచ్చాడు. జనం అరిచారు. రంగాచారి కదల్లేదు. రెండో హెచ్చరిక ఇచ్చాడు. అప్పటికీ కదల్లేదు. గెలుస్తున్నవాడు పాయింట్లు పోగొట్టుకుంటూ నిలబడ్డాడు. నేను రింగు పక్కన టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాను. లేచి ఆపమని చెప్పే అధికారం నాకుంది. చెప్పలేదు. ఆపితే ఆ జత తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుందని ఆగాను. పది సెకన్లో, ఇరవై సెకన్లో. చివరికి లేచి చెయ్యి ఊపాను. రిఫరీ ఆపాడు. ముప్పై ఏళ్ళ పనిలో నన్ను ఇప్పటికీ సిగ్గుపరిచేది ఆ కాసిని సెకన్లే.

డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లి పడిందన్నాడు. మానడానికి రెండు నెలలు పట్టొచ్చు, మానకపోవచ్చు కూడా అన్నాడు.

హవల్దారు గారు కంటికి కట్టుతో ఇంట్లో మంచం మీద ఉన్నారు. వెళ్ళి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"రేపల్లె వెళ్ళావా?" అన్నారు.

"లేదండి."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చావు?"

రేపల్లె

మర్నాడు రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. రేపల్లెలో దిగి ఆటోలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. నాంచారయ్య చెవిలో దూది పెట్టుకుని పనిలోనే ఉన్నాడు. దిమ్మ ఇంకొకరు ఎత్తి పెడుతుంటే ఇతను కొక్కెంతో లాగి మరలోకి తోస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇంటికి రమ్మని పట్టుబట్టాడు.

ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. అతని భార్య సామ్రాజ్యం కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తర్వాత గుమ్మానికి ఆనుకుని నిలబడి అడిగింది.

"మీరే కదండీ జత కట్టింది?"

"అవునమ్మా."

"చదువుకున్నోళ్ళు. మిషను మీద బరువు చూశారంట. మనిషిని చూడలేదాండి?"

నాంచారయ్య ఆమెను కసిరాడు. "ఊరుకోవే, సారేం జేస్తాడు? నేనే ఆడతానన్నా." ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు. జవాబు కోసం నా వైపే చూస్తోంది.

"చూడలేదమ్మా. తప్పు నాదే" అన్నాను. క్షమాపణ చెబుతూ ఇంకా ఏవేవో మాట్లాడబోయాను గానీ ఆమెకు అవసరమైంది ఆ ఒక్క మాటే. లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

బయల్దేరేటప్పుడు నాంచారయ్య ఆటోదాకా వచ్చాడు. మంచి చెవి నా వైపు తిప్పి అడిగాడు.

"ఆయనతో మళ్ళీ ఎప్పుడు పెడతారు సార్?"

"ముందు చెవి మాననీ."

"మానుద్ది లెండి. ఎప్పుడు పెడతారు?"

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. చెవి మానితే, చెప్పినట్టు వింటే, నేను సరేనన్న రోజున మాత్రమే అని మాట తీసుకున్నాను. సరేనన్నాడు. దేవుడి దయవల్ల చెవి మానింది. డాక్టరు ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసి సరే అన్నాకే అతన్ని మా కాలేజీలో సాధనకు రానిచ్చి, మళ్ళీ గ్లవ్సు తొడగనిచ్చాను.

టీవీలో పెద్దవాళ్ళు

ఇక్కడ ఆగి నా అభిప్రాయాలు కొన్ని చెబుతాను. ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు.

విదేశాల్లో జరిగే పెద్ద హెవీ వెయిట్ పోటీలు మనకు ఆదివారం పొద్దున వస్తాయి. నేను స్నానం చేసి, టిఫిన్ పళ్ళెం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాను. మా ఆవిడ ఎప్పుడూ, "ఆ గుద్దుకునేవాళ్ళని చూస్తూ ఇడ్లీ ఎట్లా దిగుద్దండీ మీకు?" అంటుంది. దిగుతుంది. ఇంకో రెండు అడుగుతాను కూడా.

కొత్తవాళ్ళు ఒక్క గుద్దుతో పడగొట్టడం చూసి హెవీ వెయిట్ అంటే అదే అనుకుంటారు. నాకు అందులో పెద్ద గొప్ప కనపడదు. నూటపది కేజీల మనిషి కొడితే ఎవడైనా పడతాడు. పన్నెండు రౌండ్లు ఆ బరువంతా తన కాళ్ళమీద మోసుకుంటూ, పదో రౌండులో కూడా ఎడమచెయ్యి మొదటి రౌండులోలాగే వేసేవాడున్నాడే, అతనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. చిన్నవాళ్ళు పొరపాటు చేస్తే ఒక పాయింటు పోతుంది. వీళ్ళు పొరపాటు చేస్తే ఆట పోతుంది. ఆ సంగతి తెలిసీ ముందుకు అడుగు వెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇక జతలు కట్టేవాళ్ళ సంగతి. అక్కడ ఈ పని చేసేవాళ్ళలో మహామహులున్నారు. కుర్రవాణ్ణి పట్టుకుని మొదట పొట్టివాడితో, తర్వాత పొడుగువాడితో, ఆ తర్వాత ఎడమచేతివాటం వాడితో, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ ఐదారేళ్ళలో ఛాంపియన్‌ను తయారుచేస్తారు. అది చూస్తే నాకు అసూయ. అదే పని అన్యాయంగా చేసేవాళ్ళూ ఉన్నారు. ఓడిపోవడానికే పిలిపించినవాళ్ళమీద వరసగా గెలిపించి, ఓటమి ఎరగడని డప్పు కొడతారు. అందుకే ఎన్ని గెలిచాడన్నది నేను చూడను, ఎవరిమీద గెలిచాడన్నది చూస్తాను. ఇంకో జబ్బు కూడా ఉంది. అందరికంటే మంచివాళ్ళు ఇద్దరుంటే వాళ్ళిద్దరినీ కలవనివ్వకుండా ఏళ్ళతరబడి నాన్చి, ఇద్దరికీ మోకాళ్ళు పట్టేశాక కలుపుతారు. వండిన అన్నం పాచిపోయాక వడ్డించినట్టు. తొందరపడి కట్టిన జత ఎంత తప్పో, వేళ మించిపోయాక కట్టిన జతా అంతే తప్పు.

అయినా ఎక్కడో ఒకసారి సరైన ఇద్దరు సరైన వేళకు ఎదురుపడతారు. ఆ పొద్దు మా ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోతాయి.

రెండేళ్ళు

నాంచారయ్యకు మొదటి నిజమైన జత పేరాల నుంచి వచ్చిన నేతవారి కుర్రాడు. అతనికీ అదే మొదటి పోటీ. ఇద్దరూ గాలిని ఎక్కువ కొట్టారు, ఒకరినొకరు తక్కువ. నాంచారయ్య గెలిచాడు. రెండోది ఓడిపోయాడు. ఓడిపోయాక నేను హవల్దారు గారి మూడో ప్రశ్న అడిగాను. ఎట్లా ఓడిపోయావు? "కుడిచెయ్యి వేశాక నేను అక్కణ్ణే నిలబడి చూస్తన్నానండి, తగిలిందా లేదా అని" అన్నాడు. ఆ జవాబు విన్నప్పుడు నాకు నేనే గెలిచినంత సంతోషమేసింది. ఆ తర్వాత బయటి ఊళ్ళ నుంచి రప్పించిన మరో నలుగురితో ఆడాడు. మూడు గెలిచాడు, ఒకటి పోయింది. కొట్టి అక్కడే నిలబడడం మానేశాడు.

మధ్యలో ఒక గొడవ. రేపల్లెలో ఒక రైసు మిల్లు ఆసామి పోటీలు పెట్టిస్తూ నాంచారయ్యకూ రంగాచారికీ జత కట్టమన్నాడు. సొంత ఊళ్ళో పగ తీర్చుకునే పోరాటం అంటే జనం విరగబడతారని ఆయన ఆశ. అప్పటికి నాంచారయ్య ఆడినవి మూడే.

"ఇప్పుడే కాదండి" అన్నాను.

"జనం అడుగుతుంటే మీరు కాదంటే ఎట్లాగండీ?"

"జనం చూసి ఇంటికెళ్ళి అన్నం తింటారు. ఆడినవాడు కూడా తినాలి కదండీ."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అది నేను పట్టించుకోలేదు. పట్టించుకున్నది నాంచారయ్య కోపం. మా కాలేజీకే వచ్చాడు.

"నేను చేతగానోణ్ణని మీకు తేలిపోయింది, అంతేగా సార్?"

"అది కాదయ్యా..."

"మా ఊళ్ళో నా మొహానే అంటన్నారు, మీ మాస్టారికే నీ మీద నమ్మకం లేదని. చెవి పోతే నాది పోద్ది. మీదేం పోద్ది?"

మాట ఇచ్చావు గుర్తుందా అని మాత్రం అన్నాను. వెళ్ళిపోయాడు. నెలరోజులు సాధనకు రాలేదు. చెడిపోయిందనుకున్నాను. అప్పటికి కన్ను బాగుపడి మళ్ళీ తిరుగుతున్న హవల్దారు గారితో మొరపెట్టుకుంటే, "నువ్వు కాదన్నందుకు వాడికి కోపం రాకపోతే వాడు బాక్సరే కాదు. వాడికి కోపం వచ్చిందని నువ్వు ఔనంటే నువ్వు ఈ పనికే పనికిరావు" అన్నారు. ముప్పై రెండో రోజు సాయంత్రం నాంచారయ్య వచ్చి, ఏమీ జరగనట్టు చేతులకు గుడ్డ చుట్టుకున్నాడు.

బాపట్లలో

తెనాలి పోటీ జరిగిన రెండేళ్ళకు బాపట్లలో పోటీలు వచ్చాయి. ఈసారి నేను తూకం ముందు చూడలేదు. వారం ముందే ఇద్దరి సాధనా దగ్గరుండి చూశాను. రంగాచారిలో వేగం కొంచెం తగ్గింది, తెలివి పెరిగింది. నాంచారయ్యలో బలం అంతే ఉంది, దాన్ని ఎక్కడ వాడాలో తెలిసింది. జత రాశాను.

పోటీ సాయంత్రం హవల్దారు గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. కాగితం చూసి, "చెరుపుతావా?" అన్నారు.

"చెరపనండి."

ఆయన కాగితం నా వైపు తోసి ఊరుకున్నారు.

సామ్రాజ్యం కూడా వచ్చింది. ముందు వరసలో కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

మొదటి రౌండు రంగాచారిదే. ఆ ఎడమచెయ్యి ఎప్పటిలాగే వెళ్ళింది, వచ్చింది. నాంచారయ్య ఎద్దులా మీదికి వెళ్ళలేదు. గడ్డం దించి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అడుగూ అద్దె ఇల్లు చూడవచ్చినవాడిలా జాగ్రత్తగా వేశాడు. రెండో రౌండులో దగ్గరికి చేరాడు. డొక్కలో రెండు గుద్దులు, ఎంత గట్టివంటే ఆ చప్పుడుకు వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. రంగాచారి మొదటిసారి నోటితో ఊపిరి పీల్చడం చూశాను. ఆ రౌండు నాంచారయ్యది.

ఆఖరిదైన మూడో రౌండు సగంలో నాంచారయ్య కుడిచెయ్యి వేశాడు. తగిలిందా అని చూడలేదు. వేసి పక్కకు తప్పుకున్నాడు. రంగాచారి ఒక మోకాలి మీద కూలబడ్డాడు. హాలంతా గోల. ఆ గోలలో నాకు వినబడింది సామ్రాజ్యం గొంతు. కళ్ళు తెరిచి బెంచీ ఎక్కి నిలబడి ఉంది.

రిఫరీ లెక్కపెడుతున్నాడు. నేను రంగాచారి కళ్ళలోకి చూశాను. తేటగా ఉన్నాయి. ఆరు అనేసరికి లేచాడు, ఎనిమిది దాకా నిలబడి ఊపిరి తీసుకున్నాడు. మిగిలింది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఇద్దరూ చేసింది నేను చచ్చేదాకా మరచిపోను. నాంచారయ్య ముగించెయ్యాలని వచ్చాడు, కానీ ఒళ్ళు మరచి రాలేదు. రంగాచారి పారిపోలేదు. దెబ్బ తిన్న కాళ్ళతోనే రింగు చుట్టూ తిరుగుతూ ఒకటి, రెండు, మూడుసార్లు ఎడమచెయ్యి వేశాడు. మూడూ తగిలాయి. తాను గెలవాల్సిన నిమిషాన్ని మోకాళ్ళ వణుకు మధ్య నుంచి పీకి తెచ్చుకున్నాడు. గంట కొట్టేసరికి ఇద్దరూ ఒకరి భుజాన ఒకరు తల ఆన్చి నిలబడ్డారు.

అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు రంగాచారికి ఇచ్చారు, ఇద్దరు నాంచారయ్యకు. రేపల్లె నుంచి వ్యాను వేసుకుని వచ్చినవాళ్ళు అన్యాయమని అరిచారు. నాకైతే ఎటు ఇచ్చినా న్యాయంగానే ఉండేది.

రంగాచారి గ్లవ్సు విప్పుకుని తిన్నగా సామ్రాజ్యం దగ్గరికి వెళ్ళాడు. "చెల్లెమ్మా, ఇంత గట్టిగా నన్ను ఎవరూ కొట్టలేదమ్మా" అన్నాడు పక్కటెముకలు తడుముకుంటూ. ఆమె, "మీకు బాగానే ఉందా అండీ?" అంది. ఇద్దరూ నవ్వారు.

నేను కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ టేబుల్ దగ్గరే ఉండిపోయాను. రెండేళ్ళు ఆపి ఆపి, చివరికి మళ్ళీ ఓటమి దగ్గరికే తీసుకొచ్చానే అనుకుంటున్నాను. నాంచారయ్య వస్తుండడం చూశాను. పెదవి చిట్లింది, కుడి కన్ను కింద వాచింది. వచ్చి బల్లమీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకు నాంచారయ్యా. ఒక్క జడ్జీ అటు ఇటు అయితే..."

"అది కాదు సార్" అన్నాడు. "తెనాల్లో నేను ఓడిపోలేదండి. దెబ్బలు తిన్నాను, అంతే. ఇయ్యాళ ఆడి ఓడిపోయాను. రెంటికీ చానా తేడా ఉంది సార్."

నా చెయ్యి పట్టుకుని ఊపి, సామ్రాజ్యం పిలుస్తుంటే వ్యాను వైపు నడిచాడు.